నెపోలియన్ అశ్వికదళాన్ని నడిపిన డ్యూమా పేరేది?

సంపాదకుడు గారికి,

నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పిరమిడ్ల యుద్ధం ఉంది, బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ చేతిలో ఫ్రెంచి నౌకలు నాశనమవడం ఉంది. 1798లో ఆ సైన్యం అశ్వికదళానికి అధిపతి ఎవరో మాత్రం ఎక్కడా లేదు. ఆయన జనరల్ థామస్ అలెగ్జాండర్ డ్యూమా. నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమాకు తండ్రి.

1762లో ఇప్పటి హైతీలో పుట్టాడు. తల్లి మరీ సెసెట్ నల్లజాతి బానిస, తండ్రి ఫ్రెంచి ప్రభువంశీకుడు. తండ్రి రప్పించుకోగా ఫ్రాన్సు చేరి, 1786లో రాణి గారి డ్రాగూన్ల (గుర్రపు సైనికుల) దళంలో మామూలు రౌతుగా చేరాడు. అదీ తండ్రి ఇంటిపేరుతో కాదు, తల్లి పేరుతో. ఫ్రెంచి విప్లవం వచ్చి పుట్టుకను బట్టి పదవులిచ్చే పద్ధతిని తీసేసింది. 1793కల్లా జనరల్ అయ్యాడు. మరుసటి ఏడాది ఆల్ప్స్ మంచులో మోంట్ సెనిస్ కనుమను గెలిచాడు.

1797 మార్చిలో ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ ప్రాంతంలో జరిగింది మరీ గొప్ప సంగతి. క్లౌసెన్ దగ్గర వంతెన మీద ఆస్ట్రియా రౌతులు మీదపడుతుంటే, తన వాళ్లు వచ్చేదాకా ఒక్కడే ఎదురు నిలిచాడు. ఒంటి మీద కత్తి గాయాలైనా దారి వదల్లేదు. అప్పుడు నెపోలియనే ఆయన్ని వంతెన దగ్గర శత్రువులను ఒంటరిగా ఆపిన పాత రోమ్ వీరుడు హొరేషియస్‌తో పోల్చాడు.

ఈజిప్టులో ఎండకీ దాహానికీ సైనికులు పడిపోతుంటే ఈ దండయాత్ర దేనికని డ్యూమా తోటి జనరళ్ల దగ్గర అన్నాడు. నెపోలియన్ దాన్ని తిరుగుబాటుగా తీసుకున్నాడు. 1799లో తిరుగు ప్రయాణంలో ఓడ పాడై ఇటలీలోని టారంటో రేవులో ఆగితే, ఫ్రాన్సుకు శత్రువైన నేపుల్స్ రాజ్యం ఆయన్ని రెండేళ్లు ఖైదులో పెట్టింది. 1801లో ఒళ్లు గుల్లయి ఇల్లు చేరాడు. రావాల్సిన జీతం కోసం ఎన్ని ఉత్తరాలు రాసినా ప్రభుత్వం ఇవ్వలేదు. 1802లో నెపోలియన్ ఫ్రెంచి వలసల్లో బానిసత్వాన్ని తిరిగి నిలబెట్టాడు. 1806లో డ్యూమా చనిపోతే భార్యకు పెన్షన్ కూడా రాలేదు. కొడుక్కి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు.

పారిస్‌లో నిలిపిన ఆయన విగ్రహాన్ని జర్మన్ ఆక్రమణ కాలంలో తీసి నాశనం చేశారు. ఆ చోట 2009లో పెట్టింది పెద్ద సంకెళ్ల శిల్పం. బానిసత్వాన్ని మరిచిపోకూడదు, నిజమే. కానీ ఇన్ని యుద్ధాలు గెలిచిన రౌతుకు గుర్తుగా సంకెళ్లు పెట్టడం నాకు చాలా బాధగా ఉంది. గుర్రం మీద ఉన్న మనిషే అక్కడ కనబడాలి.

1794లో బానిసత్వం రద్దు, 1802లో పునరుద్ధరణ అని మన పిల్లలు బట్టీ పడుతుంటారు. ఈ ఒక్క జీవితం చెబితే ఆ రెండు తేదీలూ వాళ్లకు అర్థమవుతాయి. మా బొబ్బిలి పిల్లలకు ఫ్రెంచి సైన్యమంటే 1757 నాటి బుస్సీ, ఆ తర్వాత నెపోలియన్. డ్యూమా పేరు క్లాసులో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. మీ అనుబంధంలో ఆయన గురించి పూర్తి పేజీ వేయండి, టిరోల్ వంతెన ఎక్కడుందో మ్యాపుతో సహా. స్కూల్లో నోటీసు బోర్డుకు అతికిస్తాను.

- ఒక సాంఘిక శాస్త్రం టీచర్, బొబ్బిలి