ఆటలు ఆగిపోయే తరగతిలోనే పాయింటు లెక్కలు మొదలవుతున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆరు, ఏడు తరగతులకు చెబుతాను. దశాంశ సంఖ్యలను సవరించడం, అంటే పాయింటు ఉన్న సంఖ్యను దగ్గరి సంఖ్యకు మార్చి రాయడం (రౌండ్ చేయడం) అనే చిన్న పాఠం మీద పత్రికకు ఉత్తరం రాయాలా అని కొందరికి అనిపించవచ్చు. కానీ పదహారేళ్లుగా ఏటా ఆ పాఠం దగ్గర అవే తప్పులు చూస్తున్నాను. ఆ తప్పు పిల్లలది కాదని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి రాస్తున్నాను.

3.48ని దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించమని బోర్డు మీద రాస్తే, బాగా చదివే పిల్లలు కూడా 4 అంటారు. ఎలా వచ్చిందమ్మా అని అడిగితే, "చివర 8 ఉంది కదా టీచర్, 4 పెరిగి 5 అవుతుంది. 5 వచ్చింది కాబట్టి 3 పెరిగి 4 అవుతుంది" అని గడగడా చెబుతారు. 'అయిదు, ఆపైన ఉంటే ఒకటి పెంచు' అన్న సూత్రం కంఠతా వచ్చు, దాన్ని రెండుసార్లు వాడేశారు. 3.48 అంటే మూడున్నరకు ఇవతలే ఉందన్న సంగతి మాత్రం వాళ్ల కళ్లకు కట్టలేదు. 9.97ని ఒక దశాంశ స్థానానికి సవరించమంటే 9.10 అని రాసేవాళ్లూ ఉన్నారు.

దీనికి తోడు క్రికెట్. మా పిల్లలకు పాయింటు మొదట పరిచయమయ్యేది ఓవర్లలోనే. 3.4 ఓవర్లంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు. అక్కడ 3.5 తర్వాత ఇంకో బంతి పడితే నాలుగు ఓవర్లు పూర్తి. అదే పిల్లవాడికి లెక్కల క్లాసులో 3.5 తర్వాత 3.6, 3.7, 3.8 కూడా ఉన్నాయంటే తెల్లమొహం వేయడా మరి! మా చిన్నప్పుడు చేతిలో పది పైసల బిళ్లలు, పావలాలు ఉండేవి. రూపాయిలో పదో వంతు ఎంతో వేళ్లకే తెలిసేది. 2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చెల్లుతుంది కానీ మా ఊళ్లో ఏ కొట్టులోనూ తీసుకోరు. ఇప్పటి పిల్లలకు దశాంశం కాగితం మీద చుక్క, అంతే.

మూడేళ్ల కిందట బడి వరండాలో పదడుగుల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య తాడు కట్టాను. ఒక స్తంభానికి 3 అని, రెండోదానికి 4 అని అట్టముక్కలు వేలాడదీశాను. తాడు మీద అడుగుకొకటి చొప్పున బట్టల క్లిప్పులు తొమ్మిది పెట్టాను. సరిగ్గా మధ్యది ఎర్ర క్లిప్పు. చీటీ తీసిన పిల్లలు అందులోని సంఖ్య ఎక్కడుంటుందో అక్కడ తాడు పట్టుకుని నిలబడాలి. విజిల్ వేయగానే దగ్గరున్న స్తంభాన్ని పరుగెత్తి ముట్టుకోవాలి. తప్పు స్తంభం ముట్టుకుంటే ఔట్.

3.48 చీటీ వచ్చిన అమ్మాయి ఒక్కో క్లిప్పూ లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఎర్ర క్లిప్పుకు రెండంగుళాల ఇవతల ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. "టీచర్, ఇది మూడుకే దగ్గర!" అని అరిచి, విజిల్ కోసం కూడా ఆగకుండా 3 ఉన్న స్తంభం వైపు పరుగు తీసింది. ముందు రోజు నోటుబుక్కులో 4 అని రాసింది ఆ అమ్మాయే. నేను ఏమీ దిద్దలేదు. రెండంగుళాల దూరం దిద్దింది.

అదే రోజు 3.5 చీటీ ఒక పిల్లవాడికి వచ్చింది. విజిల్ వేసినా వాడు కదల్లేదు. "రెండూ సమాన దూరమే కదా టీచర్, ఎటు పోవాలి?" అన్నాడు. ఇన్నేళ్లలో బోర్డు ముందు ఒక్కరూ అడగని ప్రశ్న అది. అటైనా పోవచ్చు, ఇటైనా పోవచ్చు, అందరి లెక్కా ఒకేలా ఉండాలని పైకి పోదామని మనుషులు ఒప్పందం చేసుకున్నారని చెప్పాను. మన దేశపు ప్రమాణాల్లో మొదటి నంబరు జాతీయ జెండాది. రెండో నంబరు, అంటే ఐఎస్ 2, సంఖ్యలు సవరించే పద్ధతిది. 1960 నాటి ఆ ప్రమాణంలో సరిగ్గా సగం వస్తే పక్కనున్న సరి సంఖ్యకు పొమ్మని ఉంది. అలాగైతే 2.5 రెండుకు పోతుంది, 3.5 నాలుగుకు పోతుంది. ఆరో తరగతి పిల్లలు ఈ విషయం మీద ఇంటర్వెల్ అంతా వాదించుకున్నారు. పరీక్షలో మాత్రం పుస్తకం ప్రకారమే రాయాలని చెప్పి పంపాల్సి వచ్చింది.

ఇంకో ఆటకు పాత శుభలేఖలు చాలు. వెనక ఖాళీ వైపు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసి, తలా మూడు ముక్కలు పంచుతాను. సవరిస్తే 5 వచ్చేలా పేర్చాలంటాను. 2, 7, 4 వచ్చినవాడు 4.72 అని పేరుస్తాడు. 4.27 అని పేర్చినవాడికి పాయింట్లు రావు. ఎందుకు రాలేదో పక్కవాడే చెబుతాడు.

ఈ చదువు ఎంత దూరం పోతుందో ఒక తండ్రి నోట విన్నాను. కొడుకును వెంటబెట్టుకుని పాలు పోయడానికి వెళ్తే మిషన్‌లో వెన్న శాతం 6.87 చూపించింది, పుస్తకంలో 6.8 అని రాశారు. "బాబాయ్, 6.87కి 6.9 కదా దగ్గర" అన్నాడట పిల్లవాడు. పది కిలోల పాలకు ఆ 0.07 అంటే ఏడు గ్రాముల వెన్న. రోజూ పదేసి కిలోలు పోసే ఇంటికి నెలకు 210 గ్రాములు. అప్పటి నుంచి అక్కడ రెండంకెలూ రాస్తున్నారని ఆ తండ్రి చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇక నా బాధ చెబుతాను. 2020 జాతీయ విద్యా విధానం రెండో తరగతి దాకా చదువు ఆటపాటలతోనే సాగాలంది, ఐదో తరగతి దాకా ఆటకు చోటిచ్చింది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు చేయడం నేర్పించేందుకు 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి దాకా పిల్లల మీద దృష్టి పెట్టింది. చాలా మంచిది. కానీ దశాంశాలు గట్టిగా మొదలయ్యేది ఐదు, ఆరు తరగతుల్లో. సరిగ్గా ఆట అవసరమైన చోటే ఆట ఆగిపోతోంది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి తాడు చూసి, "ఇది లెక్కల పీరియడా, డ్రిల్లు పీరియడా? సిలబస్ ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగారు. జవాబు చెప్పాను కానీ, ఆ తర్వాత నెల రోజులు తాడు కట్టడానికి నాకే టెన్షన్. కొత్తగా వచ్చిన టీచరైతే మళ్లీ కట్టేదే కాదు.

విద్యాశాఖను నేను కోరేది పెద్ద ఖర్చుతో పని కాదు. ఆరు, ఏడు తరగతుల్లో వారానికి ఒక లెక్కల పీరియడ్ ఆటకు కేటాయించవచ్చని రాతపూర్వకంగా చెప్పండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉపన్యాసాలు తగ్గించి, ఇలాంటివి చేసిన టీచర్లతో మిగతా టీచర్లను కూడా ఒకసారి తాడు పట్టించండి. పరీక్షలో '3.48ని సవరించుము' అని అడిగి వదిలేయకుండా, జవాబు 3 ఎందుకు అవుతుందో సంఖ్యారేఖ గీసి చూపించమని అడగండి. ప్రశ్న మారితేనే మా పాఠం మారుతుంది. ప్రతి బడి వరండాలోనూ సున్నా నుంచి పది దాకా, పదో వంతు గుర్తులతో ఒక సంఖ్యారేఖ కావాలి. వేసవి సెలవుల్లో గోడలకు సున్నం వేయించేటప్పుడే నేల మీద ఆ గీత కూడా గీయించవచ్చు.

– ఒక గణిత ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా