ఆ అమ్మకాలన్నీ పందేలు కావు

సంపాదకులకు నమస్కారం.

విదేశీ సంస్థాగత మదుపరులు, నిఫ్టీ వంటి మార్కెట్ సూచీని రాబోయే తేదీకి ఇప్పుడే ఖరారు చేసుకున్న ధరకు కొనే, అమ్మే ఒప్పందాలైన సూచీ ఫ్యూచర్స్‌లో అమ్మకపు పొజిషన్లు పెంచారన్న వార్త వచ్చిన ప్రతిసారీ, పెద్దలంతా మార్కెట్ పడిపోతుందని పందెం కాస్తున్నారన్న మాట మా కావలి టీ కొట్ల దాకా పాకుతోంది. మొన్న మా వీధి కుర్రవాడొకడు, చేతిలో టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, ఫోనులో, మార్కెట్ పడితే లాభమిచ్చే నిఫ్టీ పుట్ ఆప్షన్లు కొంటూ "వాళ్లే అమ్ముతుంటే మనకేం భయం మాస్టారూ" అన్నాడు. ఆ మాట నన్ను కలవరపెట్టింది.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ రోజూ ప్రకటించే ఆ అంకెలు అమ్మకాన్ని చూపుతాయే గాని ఉద్దేశాన్ని చూపవు. వేల కోట్ల షేర్లున్న సంస్థ, వాటిని అమ్మకుండానే నష్టం తగ్గించుకోవడానికి ఫ్యూచర్స్ అమ్మవచ్చు; మార్కెట్ పడితే షేర్లలో పోయినదానిలో కొంత ఆ ఒప్పందాలలో తిరిగి వస్తుంది. అది పంటకు బీమా కట్టడం వంటిదే తప్ప పంట పోవాలని కోరుకోవడం కాదు. నిజంగా అమ్ముకుని పోయే సందర్భాలూ లేకపోలేదు. 2024 అక్టోబరులో విదేశీ మదుపరులు, కొన్నవి పోను, నికరంగా సుమారు 94 వేల కోట్ల రూపాయల షేర్లు అమ్మారు. అదే నెలలో దేశీయ సంస్థలు భారీగా కొన్నాయి. వారూ వృత్తి మదుపరులే కదా!

2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో వర్తకం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే తేల్చింది. ఈ అమ్మకపు అంకెలను ప్రచురించేటప్పుడు, ఆ మదుపరుల చేతిలో ఉన్న షేర్ల విలువను కూడా పక్కనే ఇవ్వవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా