పంపింగ్ అంకె ఒక్కటే చూడకండి

సంపాదకులకు,

స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) రిపోర్టు చేతికి రాగానే వెతికేది ఒకటే: పంపింగ్ ఎంత? చికిత్స నెల్లూరులోనో చెన్నైలోనో అవుతుంది, డిశ్చార్జి రోజు ఈఎఫ్ (నిండిన గుండె ఒక్కసారి ముడుచుకుంటే బయటికి పంపే రక్తం శాతం) 40 అంటారు. రెండు వారాల తర్వాత కావలిలోనో ఆత్మకూరులోనో తీయిస్తే 35 వస్తుంది. ఇక ఇల్లంతా దిగులే. చాలాసార్లు అక్కడ మారింది గుండె కాదు, కొలత.

ఈఎఫ్‌ను తెర చూసి అంచనాగా రాసేవారున్నారు. సింప్సన్ పద్ధతిలో అయితే నాలుగు గదుల వ్యూ, రెండు గదుల వ్యూ రెండింటిలోనూ ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే కింది గది) లోపలి అంచును, నిండినప్పుడు ఒకసారి ముడుచుకున్నప్పుడు ఒకసారి, గీసి లెక్కకడతారు. ఇలా గీసినా ఇద్దరి మధ్య 5 నుంచి 10 పాయింట్ల తేడా మామూలే. రోగిని ఎడమ పక్కకు సరిగా తిప్పి పడుకోబెట్టకుండా, ప్రోబ్‌ను (ఛాతీపై ఆనించే స్కాన్ పరికరం) ఉండాల్సిన చోటికంటే ఒక పక్కటెముక ఎత్తున పెట్టి హడావిడిగా తీస్తే గుండె కొన పొట్టిగా కనబడుతుంది. దెబ్బతిన్న కొనే లెక్కలోంచి జారిపోయి ఈఎఫ్ లేనిపోని ఎక్కువ వస్తుంది. కొన దగ్గర గడ్డకట్టిన రక్తం ఉన్నా అలాంటి వ్యూలో దొరక్కపోవచ్చు. గుండె లయ తప్పినవారికి ఒక్క బీటు చాలదు, కనీసం ఐదింటి సగటు కావాలి.

కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో, ఆ సమయానికి బీపీ, గుండె వేగం ఎంతో రిపోర్టులో ఉండాలి. ఎడమ జఠరిక గోడ కదలిక భాగాలవారీగా విడివిడిగా రాయాలి. 'ఆర్‌డబ్ల్యూఎంఏ (గోడలో కొంత భాగం సరిగా కదలకపోవడం) ఉంది' అని ఒక్క ముక్క పడేస్తే మూడు నెలల తర్వాత దేనితో పోల్చాలి? బైపాస్ తర్వాత జఠరికల మధ్య గోడ అడ్డదిడ్డంగా కదలడం సాధారణం. ముడుచుకునేటప్పుడు ఆ గోడ మందమవుతుంటే కండరం బాగానే ఉన్నట్టు.

తొందరపాటు ఇంకో చిక్కు. గుండెపోటుకు మొద్దుబారిన కండరం, రక్తం అందాక కూడా, తేరుకోవడానికి రోజులు, వారాలు తీసుకుంటుంది. చాలాకాలం రక్తం చాలక పని తగ్గించుకున్న కండరానికి నెలలు పట్టవచ్చు. పలచబడి మచ్చకట్టిన గోడ మళ్లీ కదలడం అరుదు. ఐసీడీ (ప్రమాదకరంగా లయ తప్పితే షాకిచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు, గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంటు లేదా బైపాస్ తర్వాత 3 నెలలు ఆగి, మందులు సరిగా వాడుతూ మళ్లీ ఎకో తీయమనేది అందుకే.

ఎకోలో స్టెంటు లోపల ఏముందో కనబడదు. రిపోర్టు బాగుందని క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) సొంతంగా మానేయకూడదు. మళ్లీ ఛాతీలో నొప్పి వస్తే పాత ఎకో చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఈసీజీ తీయించాలి.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స చేసే ఆసుపత్రులైనా డిశ్చార్జి కాగితాలతోపాటు ఎకో కదిలే దృశ్యాలు ఇవ్వాలి. ఉదయగిరి లాంటి దూరప్రాంతాల నుంచి వచ్చేవారి దగ్గర సాధారణంగా అంకె ఉన్న కాగితమే ఉంటుంది. దృశ్యాలుంటే పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ఒక ఎకో టెక్నీషియన్,
నెల్లూరు