షాఫ్ట్‌లు వెనక్కి పంపేశాం, అందుకే ఈ ఆలస్యం

అందరికీ నమస్కారం. టేకు స్పియర్‌గన్ (నీళ్లలో చేపల్ని వేటాడే గన్) కిట్ కోసం ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకీ, ఇంతకుముందే మా కిట్‌తో ఇంట్లో గన్ చేసుకుని నీళ్లలో వాడుతున్నవాళ్లకీ కలిపి ఇది రాస్తున్నాను. "ఎప్పుడు పంపుతారు" అని అడిగినవాళ్లందరికీ "త్వరలో" అని జవాబిచ్చి నాకే విసుగొచ్చింది. సంగతేమిటంటే, ఈసారి వచ్చిన షాఫ్ట్‌ల (గన్‌లోంచి దూసుకెళ్లే ఉక్కు ఈటెల) లాట్ మొత్తం వెనక్కి పంపేశాం. సరైనవి చేతికొచ్చేదాకా పూర్తి కిట్లు ఇక్కణ్ణుంచి కదలవు.

కర్రలో లోపం లేదు. ట్రిగ్గర్ మెకానిజం ఎప్పటిదే. తేడా అంతా షాఫ్ట్ తోకలో ఉంది.

షాఫ్ట్ వెనక కొసన చిన్న గాటు ఉంటుందని మీకు తెలుసు. మెకానిజంలో ఉండే సియర్ అనే ఉక్కు పన్ను ఆ గాటునే పట్టుకుంటుంది. రబ్బరు బ్యాండ్లు వెనక్కి లాగి తగిలించాక పదుల కిలోల లాగుడు ఆ గోరంత చోటు మీదే ఆగాలి. గాటు ముఖం, సియర్ ముఖం ఒకదానికొకటి నిండుగా ఆనితే ఏ ఇబ్బందీ లేదు. ఈ లాట్‌లో గాటు కోణం మారింది. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. తోకకి మార్కర్ ఇంకు పూసి, మెకానిజంలో పెట్టి లాగి, బయటికి తీసి చూశాం. ముఖమంతా చెరగాల్సిన ఇంకు పై అంచున సన్నటి గీతలా మాత్రమే చెరిగింది. అంటే భారం మొత్తం ఆ ఒక్క అంచే మోస్తోంది. ఇలాంటి షాఫ్ట్ మొదట్లో బాగానే పట్టుకుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. అంచు అరిగేకొద్దీ పట్టు తగ్గుతుంది. చివరికి ఎప్పుడో, వేలు ట్రిగ్గర్ మీద లేనప్పుడు, గన్ రాయికి తగిలిన కుదుపుకే షాఫ్ట్ వదిలేస్తుంది. ఆ క్షణంలో గన్ ముందు ఎవరున్నారన్నది ఇక మన చేతిలో ఉండదు.

సరఫరా చేసినవాళ్లకి ఫోటోలు పంపాం. మిషన్ మార్చామనీ, ఈ మాత్రం తేడా మిగతావాళ్లంతా తీసుకుంటున్నారనీ, మీరొక్కరే పేచీ పెడుతున్నారనీ జవాబొచ్చింది. తేడా రావడం పెద్ద విషయం కాదు, ఎవరి పనిలోనైనా వస్తుంది. మొదటినుంచీ ఒకే డ్రాయింగ్ మీద చేయించుకుంటున్నాను, దాన్ని మార్చే ముందు ఒక్క మెసేజ్ పెట్టలేదు చూడండి, అదీ నా మంట. మేం ఇంకు పూసి చూసే అలవాటున్నవాళ్లం కాబట్టి దొరికింది. లేకపోతే మీ చేతుల్లో తేలేది. పేచీకోరునని పేరొస్తే రానివ్వండి.

తర్వాత ఒక బేరం పెట్టారు. ధర తగ్గిస్తాం, ఆకురాయితో మీరే సరిచేసుకోండి అన్నారు. నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది ఇదే. ఎందుకంటే అది కుదరని పని కాదు. షాఫ్ట్‌కి వాడే 17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదే అయినా మంచి ఆకురాయికి లొంగుతుంది. మా దగ్గర ఓపికున్న చేతులూ ఉన్నాయి. ఒప్పుకుంటే కిట్లు ఈపాటికి మీ ఇళ్లలో ఉండేవి, నాకు నాలుగు డబ్బులు మిగిలేవి కూడా. ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. ఒప్పుకుందామనే దాకా వచ్చి ఆగిపోయాను.

ఆగడానికి కారణం ఉంది. ఆకురాయితో చేత్తో రాసిన గాటు ఏ రెండూ ఒకలా ఉండవు. ఇవాళ మీ గన్‌కి సరిపడేలా రాసి పంపుతాను, బాగుంటుంది. కానీ షాఫ్ట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. బండరాళ్ల సందులో ఇరుక్కుంటుంది, వంగుతుంది, పోతుంది. అప్పుడు మీరు నా దగ్గరే ఇంకొకటి కొంటారు. ఆ కొత్తది అదే మెకానిజంలో, అదే లోతులో, అదే ముఖంతో కూర్చోవాలి. రాసేటప్పుడు ముఖం కాస్త వెనక్కి జరిగినా సియర్ పట్టే చోటు మారిపోతుంది. ఆ తేడా మీకు కనపడదు, కొన్నాళ్లకి నాకూ గుర్తుండదు. ఏ షాఫ్ట్ ఎవరి చేతిలో ఎంత అరిగిందో లెక్క రాసుకుని వ్యాపారం చేయడం నావల్ల కాదు. మెకానిజాన్నే కొత్త గాటుకి తగ్గట్టు మారిస్తే సరి కదా అన్నారు ఒకరు. అలా చేస్తే పాత గన్లున్నవాళ్ల గతేమిటి?

ఇక ఎక్కువమంది అడిగింది: "మెకానిజం, కర్ర పంపేయండి, షాఫ్ట్ మేమే ఎక్కడో కొనుక్కుంటాం." కోప్పడకండి, ఇదైతే ససేమిరా కుదరదు. తయారీదారు మారితే తోక గాటు ఆకారమూ మారుతుంది. లోపలికి తోస్తే క్లిక్‌మంటుంది, చేత్తో లాగితే రాదు, సరిపోయిందనుకుంటాం. మా లాట్ విషయంలోనూ సరిగ్గా అదే జరిగింది మరి. అందుకే మెకానిజం, షాఫ్ట్ ఎప్పుడూ జంటగానే పంపుతాను.

సేఫ్టీ లీవర్ పెడితే ఈ గొడవే ఉండదు కదా అని కూడా రాశారు. ఉంటుంది. చాలా గన్లలో ఆ లీవర్ ట్రిగ్గర్‌ని కదలకుండా ఆపుతుందంతే. గాటు సియర్ మీంచి జారిపోయిందనుకోండి, ట్రిగ్గర్ కదలకపోయినా షాఫ్ట్ వెళ్లిపోతుంది. పైగా లీవర్ ఉందన్న ధీమాతో బ్యాండ్లు తగిలించి ఉన్న గన్‌ని పడవలోకి అందించేవాళ్లుంటారు. నా గన్లకి సేఫ్టీ అంటే నీళ్లలో దిగాకే లోడ్ చేయడం, పైకొచ్చే ముందు నీళ్లలోనే బ్యాండ్లు దించేయడం, షాఫ్ట్ మొనకి తొడుగు పెట్టడం. లీవర్ కావాల్సినవాళ్లకి మార్కెట్‌లో వేరే గన్లు బోలెడున్నాయి.

పాత కస్టమర్లకి టెన్షన్ అక్కర్లేదు. మీ దగ్గరున్నవి పాత డ్రాయింగ్ షాఫ్ట్‌లే. అయినా ఒకసారి చూసుకోండి. బ్యాండ్లు పూర్తిగా తీసేసి, తోక గాటుకి ఇంకు పూసి, షాఫ్ట్‌ని లోపలికి తోసి చేత్తో గట్టిగా లాగండి. ట్రిగ్గర్ నొక్కి బయటికి తీసి చూడండి. ఇంకు ముఖమంతా చెరిగితే మంచిది. అంచున గీత మాత్రమే పడితే వాడకం ఆపి నాకు ఫోటో పంపండి. బ్యాండ్లు తగిలించి బల్ల మీద పరీక్ష చేయకండి. గాలిలో వదిలిన షాఫ్ట్ దానికి కట్టిన తాడు చివరిదాకా పోయి అదే విసురుతో వెనక్కి తిరిగి రాగలదు. వాడిన ప్రతిసారీ మెకానిజాన్ని మంచినీళ్లతో కడగండి. ఇసుక చేరితే సియర్ పూర్తిగా మూసుకోదు. బ్యాండ్లు ఎండకి పాడవుతాయి. వాటి మీద సన్నటి చీలికలు కనపడితే మార్చేయండి.

ఎదురుచూస్తున్నవాళ్లకి, అతికించి గన్ కర్ర చేసుకునే టేకు పలకలు మాత్రం ఇప్పుడే పంపగలను. అతికించే ముందు ప్రతి ముఖాన్నీ అసిటోన్‌తో తుడవండి. టేకులో ఉండే నూనె వల్ల ఎపాక్సీ జిగురు సరిగ్గా పట్టదు. పక్కపక్క పలకల నార ఎదురెదురుగా ఉండేలా పేర్చండి, అప్పుడు ఒకదాని వంపును ఇంకొకటి ఆపుతుంది. క్లాంపులు మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోతుంది. అతికించాక కొన్నాళ్లు పక్కన పెట్టండి, వంగే బుద్ధి ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఆలస్యానికి సాకు చెబుతున్నానని నవ్వుకున్నా సరే, ఈ పద్ధతి నిజమే. షాఫ్ట్ గాడి, మెకానిజం గుంత మాత్రం రెండూ చేతికొచ్చాకే తవ్వండి. చిత్రిక పట్టేటప్పుడు, సాండ్‌పేపర్ కొట్టేటప్పుడు మాస్క్ తప్పనిసరి, టేకు పొడి చాలామందికి పడదు. కర్రకి అవిసె నూనె పూసిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

షాఫ్ట్‌ల పని వేరేవాళ్లకి ఇచ్చాం. ముందు నమూనాలు వస్తాయి. ఇంకు పరీక్ష దాటితేనే లాట్ చేయమంటాను. తేదీ మాత్రం చెప్పను. చెప్పి తప్పడం కంటే మీతో తిట్లు తినడం నయం. డబ్బు వెనక్కి కావాల్సినవాళ్లు ఒక్క ముక్క రాయండి, కారణం కూడా అడగను. ఆ షాఫ్ట్‌లు పంపినవాళ్లు నాకు డబ్బు తిరిగి ఇచ్చేదాకా ఆగమని కూడా అనను.