వన్యప్రాణి సంరక్షణ కేంద్రం: ఈ ఏడాది నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

అటవీ శాఖ అనుమతితో మన సంఘం సాయం అందిస్తున్న సంరక్షణ కేంద్రానికి ఈ ఏడాది కూడా ఎక్కువగా పక్షులే వచ్చాయి. రొయ్యల చెరువుల మీద కట్టే సన్నని నైలాన్ దారాల్లో కొంగలు, నీటికాకులు చిక్కుకుంటున్నాయి. కట్టు కట్టగలం గానీ, ఎగరలేని పక్షిని తిరిగి మడ అడవుల్లోకి వదలలేం. అందుకే ఏ ప్రాణి ఎక్కడ, దేనివల్ల దెబ్బతిన్నదో రిజిస్టర్‌లో రాయిస్తున్నాం. ఆ రిజిస్టర్ పట్టుకునే తాళ్ళరేవు వైపు రైతులను కలిశాం. కొందరు దారాలకు దూరం నుంచే కనబడేలా రంగు రిబ్బన్లు కట్టారు. మా దృష్టిలో ఈ ఏడాది ముందుగా చెప్పుకోవలసిన పని ఇదే.

ఇక తాబేళ్ళు. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు ఒక్కో విడతకు సుమారు వంద గుడ్లు పెడుతుంది. పిల్లల్లో వెయ్యికి ఒకటి బతికి పెద్దదయితే గొప్ప. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ ఇసుకలోనో, అంతర్వేది తీరంలోనో గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లి వలలో పడి చనిపోతే ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది. తాబేలుకూ గాలి కావాలి, వలలో ఎక్కువసేపు ఉంటే ఊపిరాడదు. కదలకపోతే చచ్చిపోయిందని వెంటనే నీళ్ళలోకి నెట్టేస్తే నిజంగానే మునిగిపోతుంది. వెనక భాగం కాస్త ఎత్తులో పెట్టి, నీడలో, ఒళ్ళు తడిగా ఉంచితే కొన్ని గంటలకు తేరుకోవచ్చు. ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఈ మాట ప్రతి బోటుకూ చేరాలి.

బావురుపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి) పిల్లల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కోతలప్పుడు, చెరువు గట్లు శుభ్రం చేసేటప్పుడు అవి కనబడితే జాలితో ఇంటికి తెచ్చి ఆవుపాలు పడుతున్నారు. ఆ పాలు వాటికి అరగవు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది, అలికిడి తగ్గాక రాత్రికి వచ్చి తీసుకుపోతుంది. మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లకు చేపలు పట్టడం నేర్పడం ఏ కేంద్రానికైనా చాలా కష్టం. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకోవడం నేరం. పిల్లకు దెబ్బ తగలకపోతే అక్కడే వదిలేసి, దూరం నుంచి కాపలా కాయండి. దెబ్బ తగిలితే అటవీ శాఖకు ఫోన్ చేయండి.

జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. వచ్చే ఏడాది తాబేళ్ళ సీజన్ మొదలవకముందే రేవుల్లో బోటు యజమానులతో సమావేశాలు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. రేవు దగ్గర ఉండే సభ్యులు తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వగలరు.