పుస్తకం మధ్యలో ఫోన్

సంపాదకునికి,

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. ఒకప్పుడు గంటసేపు కదలకుండా కూర్చునేవాళ్లు. ఇప్పుడు పది నిమిషాలకే చేయి జేబులోకి పోతుంది. రాత్రి రెండింటిదాకా రీల్స్, పొద్దున క్లాసులో కునికిపాట్లు. నిద్ర చాలకపోతే చదివింది గుర్తుండదు. మార్కులు తగ్గాక ఇంటిల్లిపాదికీ టెన్షన్. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసమని అప్పు చేసి మరీ ఫోన్లు కొనిచ్చింది మనమే కదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమ్‌ల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చిన జాబితా 2022 నుంచి అమల్లో ఉంది. ప్రతి కాలేజీలో ఒక కౌన్సెలర్‌ను పెట్టాలి. హోంవర్క్‌ను వాట్సాప్‌లో పంపడం ముందు ఆపాలి. మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి అందరి ఫోన్లూ, నాది కూడా, అల్మారాలోకి పోతాయి. మొదటి వారం పెద్ద గొడవే అయింది.

– ఒక ట్యూషన్ మాస్టారు, హన్మకొండ