కార్క్ జైలు గోడల మధ్య పోయినవారి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలోని నిరాహార దీక్షల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మొదటి నుంచి చివరి దాకా టెరెన్స్ మాక్‌స్వినీ ఒక్కరే కనిపించారు. కార్క్ నగర మేయరుగా ఉంటూ అరెస్టయి, లండన్ బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజులు తిండి ముట్టక 1920 అక్టోబరు 25న కన్నుమూసిన ఆ మనిషికి దండం పెట్టాల్సిందే. 1929లో లాహోరు జైలులో మన విప్లవకారుడు జతిన్ దాస్ నిరాహార దీక్షలో మరణించినప్పుడు మాక్‌స్వినీ కుటుంబం తంతి పంపి మన దుఃఖంలో పాలు పంచుకుంది కూడా.

కానీ అదే అక్టోబరు 25న కార్క్ జైలులో జో మర్ఫీ చనిపోయారు. ఆయనకది దీక్షలో 76వ రోజు. అంతకు ఎనిమిది రోజుల ముందు అదే జైలులో మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ పోయారు, 67వ రోజున. విచారణ లేకుండా ఏడాదికి పైగా జైలులో మగ్గిన మనిషి ఆయన. మీ వ్యాసంలో ఇద్దరి పేర్లూ లేవు. నిజానికి దీక్ష మొదలైందే కార్క్ జైలులో, ఆగస్టు 11న. మర్నాడు అరెస్టయి వచ్చిన మేయరు అందులో చేరారు. తర్వాత ఆయనను లండన్ తరలించారు, ప్రపంచ పత్రికల చూపు కూడా ఆయన వెంటే వెళ్లింది. కార్క్‌లో మిగిలినవారి కోసం జైలు గోడ బయట జపమాలలు పట్టుకుని ప్రార్థించిన ఊరి జనమే ఉన్నారు. చివరికి స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ కోరిక మీద, 94వ రోజున, తొమ్మిది మంది దీక్ష విరమించారు.

మేయరు 'ప్రశాంతంగా' ప్రాణం విడిచారని కూడా రాశారు. ఆయన స్పృహ తప్పి పలవరిస్తుండగా నోట్లో చెంచాతో మాంసరసం పోశారు. దాన్ని ప్రశాంతత అనగలమా?

ఇక 1923 సంగతి వ్యాసం ఎత్తనే లేదు. అప్పటికి జైళ్లు ఐరిష్ ప్రభుత్వం చేతిలోకే వచ్చాయి. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించి జైలు పాలైన వేలమంది రిపబ్లికన్ ఖైదీలు దీక్షకు దిగారు. వారిలో కార్క్ ప్రాంతానికి చెందిన డెనీ బారీ నవంబరులో మరణించారు. అంతకు మూడేళ్ల ముందు మాక్‌స్వినీ అంత్యక్రియలు జరిపించిన కార్క్ బిషప్ కొహాలనే బారీ శవపేటికను చర్చిలోకి రానివ్వలేదు.

— ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి